కొట్టంలో జరిగే పరీక్ష: ఒక సినిమా, ఇబ్రహీంపట్నం, కొత్త పశువైద్యుడు

పశువైద్య పట్టా పుచ్చుకున్న యువకుడు మొదటిసారి పల్లెలో కాలుపెట్టి నిలదొక్కుకునే తొలి సంవత్సరాలను కథగా మలిచిన చిత్రాల్లో 1975లో వచ్చిన ‘ఆల్ క్రీచర్స్ గ్రేట్ అండ్ స్మాల్’ ప్రసిద్ధమైనది. క్లాడ్ వాథమ్ దర్శకత్వం వహించిన ఈ ఇంగ్లీషు చిత్రంలో కొత్త డాక్టరు జేమ్స్ హెరియట్‌గా సైమన్ వార్డ్, అతన్ని సహాయకునిగా చేర్చుకున్న సీనియర్ వైద్యుడు సీగ్‌ఫ్రీడ్ ఫార్నన్‌గా ఆంథొనీ హాప్కిన్స్, జేమ్స్ మనసుపడిన రైతుబిడ్డ హెలెన్‌గా లీసా హారో నటించారు. ఉత్తర ఇంగ్లండులోని యార్క్‌షైర్ కొండలోయల్లో 1930ల చివర జరిగే ఈ కథకూ, హైదరాబాదుకు ఆగ్నేయంగా నాగార్జునసాగర్ రోడ్డు మీద, కుతుబ్‌షాహీల నాటి పెద్దచెరువు పక్కన ఉన్న ఇబ్రహీంపట్నానికీ పైకి పొంతనేమీ కనిపించదు. అయితే అదే రంగారెడ్డి జిల్లాలోని రాజేంద్రనగర్‌లో చదువు ముగించి, ఇబ్రహీంపట్నం, యాచారం, మంచాల వంటి మండలాల్లో తొలి కొలువు చేసే పశువైద్యుని పనితో ఆ సినిమాను పోల్చి చూస్తే, ఈ వృత్తిలో దేశం మారినా మారనిదేమిటో, మారిపోయేదేమిటో తేటపడుతుంది.

సినిమా వెనుక ఉన్న మనిషి

జేమ్స్ హెరియట్ అన్నది కలం పేరు. రచయిత అసలు పేరు జేమ్స్ ఆల్ఫ్రెడ్ వైట్. 1916లో సండర్లండ్‌లో పుట్టి గ్లాస్గోలో పెరిగిన ఆయన, అక్కడి పశువైద్య కళాశాలలో 1939 డిసెంబరులో చదువు పూర్తిచేసి, 1940లో యార్క్‌షైర్‌లోని థర్స్క్ పట్టణంలో డొనాల్డ్ సింక్లేర్ అనే పశువైద్యుని దగ్గర చేరారు. వైద్యులు తమకు తాము ప్రచారం చేసుకోవడాన్ని నాటి వృత్తి నియమాలు తప్పుగా పరిగణించేవి కనుక ఆయన సొంత పేరుతో రాయలేదు; థర్స్క్‌ను డారోబీ అనే కల్పిత పట్టణంగా, సింక్లేర్‌ను సీగ్‌ఫ్రీడ్‌గా మార్చి, కథాకాలాన్ని కొన్నేళ్లు వెనక్కి జరిపారు. మొదటి పుస్తకం 1970లో వెలువడేనాటికి ఆయన వయసు 53 ఏళ్లు. తొలి రెండు పుస్తకాలను కలిపి 1972లో అమెరికాలో ఒకే సంపుటంగా అచ్చువేసినప్పుడు పెట్టిన పేరే తర్వాత సినిమాకు వచ్చింది. 1976లో జాన్ ఆల్డర్టన్ నాయకునిగా రెండో చిత్రం, 1978 నుంచి 1990 వరకు బీబీసీ ధారావాహిక, 2020లో మరో కొత్త ధారావాహిక వచ్చాయంటే, ఒక మారుమూల వైద్యుని తొలినాళ్ల మీద ప్రేక్షకులకు ఎంత ఆసక్తి ఉందో ఊహించవచ్చు.

1975 నాటి ఈ సినిమాలో ప్రతినాయకుడు లేడు, చెప్పుకోదగ్గ మలుపులూ తక్కువే. ఒక కొట్టం తర్వాత మరొక కొట్టం, ఒక రోగం తర్వాత మరొక రోగం వరసగా వస్తుంటే, పుస్తకాల్లో చదివినదానికీ కళ్ల ముందున్న పశువుకూ మధ్య ఉన్న దూరాన్ని ఆ యువకుడు కొద్దికొద్దిగా దాటడమే కథ. అతని చదువు మీద రైతులకు మొదట నమ్మకం ఉండదు. ఒక ప్రభువుకు చెందిన మేలుజాతి గుర్రానికి పేగు మెలిపడినప్పుడు, అది ఉత్త కడుపునొప్పేనని అశ్వశాల పెత్తందారు సోమ్స్ గద్దిస్తున్నా, ఇక బతికించే దారి లేదని నిర్ణయించి దాని బాధను అంతం చేయడం అతని తొలి పరీక్షల్లో ఒకటి. ఆ నిర్ణయం సరైనదని నిరూపించేది శవపరీక్ష మాత్రమే కనుక, అంతదాకా కొత్త వైద్యుని భవిష్యత్తు ఊగిసలాటలోనే ఉంటుంది. రోగి నోరు విప్పి చెప్పలేదు, యజమాని చెప్పేదాన్ని పూర్తిగా నమ్మలేం, నిర్ణయం మాత్రం అప్పటికప్పుడు తీసుకోవాలి. పశువైద్యంలోని ఈ ఇరకాటం థర్స్క్‌లో ఎంతో ఇబ్రహీంపట్నంలోనూ అంతే.

పట్టా నుంచి పోస్టింగు దాకా

తెలుగువారి పశువైద్య విద్యకు మొదటి ఆధారం 1903లో మొదలైన మద్రాసు పశువైద్య కళాశాల. హైదరాబాదు సంస్థానంలో 1946లో సొంత కళాశాల ఏర్పడింది. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక అది దాని పరిధిలోకి, 2005లో తిరుపతి కేంద్రంగా శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వచ్చాక దాని పరిధిలోకి చేరి, రాష్ట్ర విభజన తర్వాత పి.వి. నరసింహారావు పేరిట రాజేంద్రనగర్‌లో ఏర్పడిన తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయంలో భాగమైంది. పశువైద్యం, పశుపోషణలను కలిపి బోధించే ఈ పట్టా చదువు అయిదున్నరేళ్లు. అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్, అంటే ఆసుపత్రుల్లోనూ పశువుల క్షేత్రాల్లోనూ సీనియర్ల పర్యవేక్షణలో చేసే ప్రత్యక్ష శిక్షణ. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం పేరు నమోదైనవారే వైద్యం చేయడానికి అర్హులు.

ఇక్కడి నుంచి రెండు దేశాల దారులు వేరవుతాయి. సినిమాలోని వైద్యుడు ప్రైవేటు వృత్తిదారుడు. రైతు ఇచ్చే ఫీజే అతని జీవనాధారం కనుక, బిల్లులు పంపడం, బాకీలు వసూలు చేసుకోవడం కథలో హాస్యానికి ముడిసరుకు. తెలంగాణ పల్లెల్లో పశువైద్యం ప్రధానంగా ప్రభుత్వ సేవ. పబ్లిక్ సర్వీస్ కమిషన్ ద్వారా పశువైద్య సహాయ సర్జన్‌గా ఎంపికైన వ్యక్తి ఒక ప్రాథమిక పశువైద్య కేంద్రానికి, అంటే జనం నోట ‘పశువుల దవాఖాన’కు, బాధ్యుడవుతాడు. అక్కడ చికిత్సకు డబ్బు పెద్ద ప్రశ్న కాదు. కబురు అందిన తర్వాత డాక్టరు సారు ఎంతసేపట్లో కొట్టానికి చేరతాడన్నదే ప్రశ్న. 1976లో జాతీయ వ్యవసాయ కమిషన్ 5,000 పశు యూనిట్లకు ఒక వైద్యుడు ఉండాలని సూచించింది. పశు యూనిట్ అంటే చిన్న జీవాలను కూడా పెద్ద పశువుల లెక్కలోకి మార్చి చూసే కొలమానం. ఆ లెక్కతో చూసినా ఒక్క మనిషి చేతిలో ఎన్నో గ్రామాల పశుసంపద ఉంటుంది. ఈ దూరాన్ని తగ్గించడానికే 2017లో తెలంగాణ ప్రభుత్వం 1962 నంబరుకు ఫోను చేస్తే ఊరి దాకా వచ్చే సంచార పశువైద్య వాహనాలను ప్రవేశపెట్టింది.

సినిమా లోకానికీ నేటి రాజేంద్రనగర్‌కూ కనిపించే మరో తేడా తరగతి గదిలోనే ఉంది. బ్రిటన్‌లో తొలి మహిళా పశువైద్యురాలు ఎలీన్ కస్ట్‌కు వృత్తి సంస్థ గుర్తింపు దక్కింది 1922లో. హెరియట్ కథల్లో వైద్యులంతా మగవారే. ఇప్పుడు తెలుగు రాష్ట్రాల పశువైద్య కళాశాలల్లో అమ్మాయిలు పెద్ద సంఖ్యలో చదువుతున్నారు. బర్రె ఈనే వేళకు చేయి సాయం చేయడానికి కావలసింది కండబలం కన్నా ఒడుపేనని కొట్టంలో వారి పని చూసిన రైతులకు తెలుసు.

చేతికి పట్టుబడే విద్య

హెరియట్ రచనల్లోనూ వాటి ఆధారంగా తీసిన చిత్రాల్లోనూ పేరుపడిన ఘట్టం కష్టమైన ఈత. దూడ సహజంగా బయటికి వచ్చే తీరులో ముందుకాళ్లు రెండూ చాచి, వాటి మీద తల ఆనించి ఉంటుంది. తల వెనక్కి తిరిగినా, ఒక కాలు మడతపడినా దారి మూసుకుపోతుంది. అప్పుడు వైద్యుడు చేతికి సబ్బునీళ్లు గానీ జారుడు ద్రవం గానీ పట్టించి, గర్భసంచిలోకి చేయి పోనిచ్చి, దూడను ముందు లోపలికి నెట్టి చోటు చేసుకుని, ఆపైన తలను సరిచేసి, తాడు తగిలించి, తల్లి ముక్కినప్పుడల్లా లాగాలి. పశువు ముక్కే బలానికి వైద్యుని చేయి మొద్దుబారిపోతుంది. కళ్లకు ఏమీ కనిపించని ఆ పనిలో వేళ్లే చూపు.

యార్క్‌షైర్‌లో ఈ పరీక్ష ఆవు దగ్గర ఎదురైతే, తెలంగాణలో ఎక్కువగా బర్రె దగ్గర ఎదురవుతుంది. బర్రెల్లో నిండు చూడి దశలో గర్భసంచి మెలిపడటం తరచుగా కనిపించే చిక్కు. పురిటినొప్పులు మొదలై ఆగిపోతాయి, బర్రె మేత మాని లేస్తూ పడుకుంటూ ఉంటుంది, బయటికి మాత్రం ఏ ఆనవాలూ కనిపించదు. మెలిక ఏ వైపు తిరిగిందో చేతితో కనిపెట్టి, ఆ పక్కకే పశువును పడుకోబెట్టి, డొక్క మీద పొడవైన చెక్కపలకను వాల్చి, దాని కింది కొసన ఒక మనిషిని నిలబెట్టి, కాళ్లకు కట్టిన తాళ్లతో పశువును అదే దిశలో నెమ్మదిగా దొర్లిస్తారు. పలక బరువు గర్భసంచిని కదలకుండా పట్టి ఉంచగా ఒళ్లు తిరుగుతుంది కనుక మెలిక విడిపోతుంది. దీన్ని పశువైద్య పుస్తకాలు షాఫర్ పద్ధతి అంటాయి. విడిపోకపోతే మిగిలేది శస్త్రచికిత్స. ఈ పద్ధతిలో తాళ్లు లాగేవారు, పలక మీద నిలబడేవారు ఇరుగుపొరుగువారే కనుక, కొత్త వైద్యుని ప్రతిభకు ఊరంతా ప్రత్యక్షసాక్షి అవుతుంది. అతని పేరు నిలిచినా పోయినా సాయంత్రానికి పక్క ఊరికి తెలిసిపోతుంది.

పేరు తెచ్చే మరో జబ్బు పాలజ్వరం. పేరులో జ్వరం ఉన్నా ఒంటి వేడి నిజానికి తగ్గుతుంది. ఈనిన రెండు మూడు రోజుల్లో పాలలోకి ఒక్కసారిగా కాల్షియం తరలిపోవడంతో రక్తంలో అది పడిపోయి, పాడిపశువు కాళ్లు చల్లబడి, మెడ పక్కకు వాల్చి కూలబడుతుంది. ఈ కారణాన్ని 1925లో స్కాట్లండ్ పరిశోధకులు డ్రయర్, గ్రెగ్ ప్రతిపాదించారు. కాల్షియం ద్రావణాన్ని నరంలోకి మెల్లగా ఎక్కిస్తే, చచ్చిందనుకున్న పశువు కొన్ని నిమిషాల్లో లేచి నిలబడుతుంది. తొందరపడి ఎక్కిస్తే మాత్రం గుండె ఆగిపోతుంది. హెరియట్ తరానికి చేతిలో ఉన్న కొద్ది అద్భుతాల్లో ఇది ఒకటి. సల్ఫా మందులు 1930ల చివర అప్పుడే వస్తున్నాయి, పెన్సిలిన్ యుద్ధం ముగిశాక గానీ పశువుల దాకా రాలేదు. మందులు లేనిచోట మొరటు వైద్యాలు రాజ్యమేలడం అక్కడా ఇక్కడా ఒకటే: యార్క్‌షైర్‌లో తోకలో పురుగుందని తోక కోసేవారు, మన పల్లెల్లో వాతలు పెట్టేవారు. ఆ నమ్మకాన్ని ఎగతాళి చేయకుండా, మరో మార్గాన్ని ఫలితంతో చూపించడమే కొత్త వైద్యుడు నేర్చుకోవలసిన మర్యాద.

ఒక్క పశువు నుంచి మంద దాకా

సినిమా ఒక్కొక్క పశువును ఒక్కొక్క కథగా చూపిస్తుంది; తెలంగాణలో తొలి కొలువు చేసే వైద్యుడు త్వరలోనే మంద లెక్కలోకి దిగవలసి వస్తుంది. 2019 నాటి 20వ పశుగణన ప్రకారం రాష్ట్రంలో ఆవుజాతి పశువులు, బర్రెలు సుమారు 42 లక్షల చొప్పున ఉండగా, గొర్రెలు 1 కోటి 90 లక్షలు దాటి దేశంలోనే మొదటి స్థానంలో నిలిచాయి. 2017 జూన్‌లో మొదలైన గొర్రెల పంపిణీ పథకం కింద గొల్ల, కురుమ కుటుంబాలకు 75 శాతం రాయితీతో 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇచ్చారు. పరాయి ప్రాంతాల నుంచి లారీల్లో వచ్చిన జీవాలు దారి బడలికతో, కొత్త మేతతో, కొత్త నీళ్లతో జబ్బు పడటం సహజం కనుక, ఆ పథకం భారంలో పెద్ద వంతు ఊరి దవాఖానల మీదే పడింది.

గొర్రెల వైద్యం ప్రధానంగా కాలెండరు వైద్యం. తొలకరి లేతగడ్డి ఆబగా మేసిన గొర్రెల పేగుల్లో ఒక రకం బాక్టీరియా విషం పెరిగి, రాత్రి బాగున్న జీవం తెల్లారేసరికి చనిపోయే చిటుకు రోగానికి వానలకు ముందే టీకా వేయాలి. జ్వరం, ముక్కు కారడం, విరేచనాలతో మందలకు మందలను ఊడ్చేసే పారుడు రోగం, అంటే పీపీఆర్, మన దేశంలో 1987లో తమిళనాడులో బయటపడింది. ఒక్క టీకాతో కనీసం మూడేళ్లు రక్షణ దొరుకుతుంది. వానల తర్వాత సన్నదోమల వంటి కీటకాలు నీలినాలుక వ్యాధిని మోసుకొస్తాయి. పెద్ద పశువుల్లో గొంతువాపు, జబ్బవాపు టీకాలు వానాకాలానికి ముందే వేస్తారు. పశువును చంపకపోయినా పాలను, పని సత్తువను హరించే గాలికుంటు వ్యాధికి ఆరు నెలలకోసారి టీకా ఇస్తారు. ఈ వ్యాధినీ, పశువుల్లో ఈసుకుపోవడానికి కారణమై మనుషులకూ సోకే బ్రూసెల్లోసిస్‌నూ అదుపు చేయడానికి 2019 సెప్టెంబరులో కేంద్రం 13,343 కోట్ల రూపాయలతో జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. పశువుల చెవులకు కనిపించే పన్నెండంకెల పసుపు బిళ్లలు ఈ టీకాల నమోదుకు ఉపయోగపడతాయి. గాలికుంటు టీకా తయారుచేసే ప్రధాన సంస్థల్లో ఒకటైన ఇండియన్ ఇమ్యునలాజికల్స్‌ను జాతీయ పాడి అభివృద్ధి బోర్డు 1982లో హైదరాబాదులోనే నెలకొల్పింది.

టీకా వేసే పని సినిమాకెక్కదు. రోగం రాకపోవడమే దాని ఫలితం కనుక అందులో చూపించడానికి ఏమీ ఉండదు. వేసిన రోజు పాలు తగ్గితే మాత్రం రైతు నిష్ఠూరమాడతాడు. అయినా ఈ వృత్తి సాధించిన అతిపెద్ద విజయం ఆ నీరస ఘట్టంలోనే ఉంది. శతాబ్దాల పాటు ఆసియా, ఐరోపా, ఆఫ్రికాల్లో పశువులను తుడిచిపెట్టిన ముసర వ్యాధి, అంటే రిండర్‌పెస్ట్, నిర్మూలనకు మన దేశం 1954లో జాతీయ పథకం చేపట్టింది. దేశంలో చివరి కేసు 1995లో నమోదైంది. 2011లో ప్రపంచమంతటా ఆ వ్యాధి అంతరించిందని అంతర్జాతీయ సంస్థలు ప్రకటించాయి. మశూచి తర్వాత మానవజాతి పూర్తిగా నిర్మూలించిన రెండో వ్యాధి ఇదే. ఊరూరా తిరిగి టీకాలు వేసిన పశువైద్యులూ సిబ్బందీ దానికి అసలు కర్తలు.

చనిపోయిన పశువు, బతికున్న తగాదా

హెరియట్ కథల్లో క్రాన్‌ఫర్డ్ అనే మొండి రైతు తన పశువు పిడుగుపాటుకు చచ్చిందని రాసిమ్మని కొత్త వైద్యుణ్ని ఒత్తిడి చేస్తాడు. పిడుగుపాటుకైతే బీమా వస్తుంది, జబ్బుకైతే రాదు. తెలంగాణలో పశువైద్యుని తొలి సంవత్సరాల్లో ఈ ఘట్టం మరింత తరచుగా ఎదురవుతుంది. బీమా చేసిన పశువు చనిపోతే చెవిబిళ్ల సరిచూసి, శవపరీక్ష జరిపి, మరణకారణం ధ్రువీకరించవలసింది ప్రభుత్వ వైద్యుడే. అతని సంతకం మీద ఒక కుటుంబం తిరిగి పశువును కొనుక్కోగలదా లేదా అన్నది ఆధారపడి ఉంటుంది; ఆ సంతకం అబద్ధమైతే పథకం మీదే నమ్మకం పోతుంది.

ఉన్నట్టుండి చనిపోయిన పశువును వెంటనే కోయకూడదన్నది ఇక్కడ మరో కీలకమైన పాఠం. ముక్కు నుంచి, గుదం నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారితే అది దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్ కావచ్చు. కళేబరాన్ని తెరిస్తే ఆ సూక్ష్మజీవులు గాలి తగిలి, దశాబ్దాల తరబడి మట్టిలో బతికే బీజాలుగా మారతాయి కనుక, చెవి నుంచి తీసిన రక్తపు చుక్కను గాజుపలక మీద పరీక్షించి, అనుమానం నిజమైతే కళేబరాన్ని సున్నం చల్లి లోతుగా పూడ్చివేయాలి. ఎప్పుడు కోయాలో నేర్చుకున్నంత శ్రద్ధగా ఎప్పుడు కోయకూడదో నేర్చుకోవడం కూడా వృత్తిలో భాగమే.

నగరం అంచున

యార్క్‌షైర్ కథలకు ఇన్నేళ్లయినా తగ్గని ఆదరణ ఉండటానికి హాస్యం ఒక్కటే కారణం కాదు. నాగలి లాగే గుర్రం పోయి ట్రాక్టరు వస్తున్న కాలంలో, పాత మందులకూ కొత్త మందులకూ సంధిలో, ఒక వృత్తిదారుడు ప్రతి ఇంటి కొట్టంలోకీ వెళ్లి చూసినదంతా వాటిలో నమోదైంది. ఇబ్రహీంపట్నం కూడా అలాంటి సంధికాలంలోనే ఉంది. దుక్కిటెద్దుల జాగాలో ట్రాక్టర్లు వచ్చాయి. హైదరాబాదు పాల అవసరం పాడిబర్రెలకు విలువ పెంచింది. అదే నగరం విస్తరించి పొలాలను ప్లాట్లుగా మార్చడంతో గొర్రెల మందలు తిరిగే బీళ్లు తరుగుతున్నాయి. ఒకప్పుడు నల్లటి ముతక ఉన్నినిచ్చే దక్కనీ గొర్రెలను పెంచి గొంగళ్లు నేసిన కురుమల మందల్లో ఇప్పుడు మాంసం కోసం పెంచే నెల్లూరు జాతి పోలికలే ఎక్కువ. ఎండాకాలంలో బర్రె పైకి ఏ లక్షణమూ చూపని మూగ ఎదను గుర్తించి, ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల వద్ద భద్రపరిచిన వీర్యంతో సకాలంలో చూడి కట్టించడం ఇక్కడి పాడిరైతు లాభనష్టాలను నిర్ణయించే పని. ఊళ్లో ఆ పని చేసే గోపాలమిత్రలకూ వైద్యునికీ మధ్య పొత్తు కుదరడం, సినిమాలో హెరియట్‌కు సీగ్‌ఫ్రీడ్‌తో కుదిరిన పొత్తుకన్నా ముఖ్యం. కొత్తగా వెలిసిన కాలనీల నుంచి పెంపుడు కుక్కలూ అదే దవాఖాన మెట్లెక్కుతున్నాయి.

ఈ కథలను తెర మీదికి తేవాలనుకుంటే, ఇబ్రహీంపట్నానికి దగ్గరలోనే రామోజీ ఫిల్మ్ సిటీ ఉంది. పాత బీబీసీ ధారావాహికలో నటులు నిజమైన ఆవుల దగ్గరే ఈత దృశ్యాల్లో నటించగా, 2020 నాటి ధారావాహికలో కృత్రిమ పశువులను వాడారు. మన దేశంలోనూ 2001 నాటి నిబంధనల ప్రకారం సినిమాలో జంతువును చూపించాలంటే జంతు సంక్షేమ మండలి అనుమతి కావాలి. తెలంగాణ పశువైద్యుని మీద సినిమా తీయదలచుకున్నవారికి సాంకేతికంగా అడ్డేమీ లేదు. కావలసింది ముడిసరుకు, అది హెరియట్ చేసినట్టు వైద్యులే రాసి పెట్టాలి. ముసర వ్యాధి చివరి దశలో టీకాలు మోసిన తరం ఇప్పటికే ఉద్యోగ విరమణ చేసింది. వేసిన టీకాల సంఖ్య, కట్టించిన చూళ్ల సంఖ్య శాఖాపరమైన నివేదికల్లో దొరుకుతాయి గానీ, ఏ ఊళ్లో ఏ రైతు టీకాను ఎందుకు కాదన్నాడో, తర్వాత ఎలా ఒప్పుకున్నాడో వాటిలో ఉండదు. 53 ఏళ్ల వయసులో ఒక పశువైద్యుడు తొలి పుస్తకం అచ్చువేసినందువల్లే యార్క్‌షైర్ కొట్టాలు ప్రపంచానికి తెలిశాయి. రాజేంద్రనగర్‌లో చదివి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో తొలి జీతం అందుకున్న వైద్యులకు చెప్పవలసిన సంగతులు అంతకన్నా తక్కువేమీ కావు.